బెజవాడ, గుంటూరు ఎండల్లో వేరిగేటెడ్ ఐవీ: పెరట్లో పెట్టాలా, ఇంట్లో పెట్టాలా, అసలు వేరే తీగే నయమా?

డిసెంబర్‌లో నర్సరీకి వెళ్ళారనుకోండి, వేరిగేటెడ్ ఐవీ, అంటే ఆకు మీద రెండు రంగులుండే తెల్లంచు తీగ, వేలాడే కుండీ చూసి కొనకుండా రావడం చాలా కష్టం. చిన్న ఆకు, కోసుగా కోణాలు, మధ్యలో బూడిద కలిసిన ఆకుపచ్చ, చుట్టూ మీగడ రంగు అంచు, అంత ముచ్చటైన ఆకు మన వైపు దొరికే తీగల్లో నిజంగా ఇంకోటి లేదు. అందుకే వద్దని చెప్పను. కానీ డబ్బులిచ్చే ముందు ఒక్కటి ఆలోచించండి, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఈ కుండీ మా ఇంట్లో ఎక్కడుంటుంది అని. "ఫలానా చోట" అని వెంటనే చెప్పగలిగితే కొనేయండి, చెప్పలేకపోతే ఐవీని పోలిన తీగలు, ఐవీ కంటే మన ఊరికి సరిపోయే తీగలు ఉన్నాయి, వాటి సంగతి కూడా కింద చెప్తాను.

ఐవీ సొంత చోటు యూరప్, పడమటి ఆసియా. అక్కడ అడవుల్లో చెట్ల నీడన పాకుతుంది, రాతి గోడలెక్కుతుంది, మంచు పడినా ఆకు రాల్చదు. దానికి హాయిగా ఉండేది 10 నుంచి 24 డిగ్రీల మధ్య. మనకి అలాంటి వేళ అంటే చలికాలపు రాత్రులే, పగళ్ళు కూడా కాదు. 30 దాకా సర్దుకుంటుంది, 35 దగ్గరికి వస్తే ఎదగడం ఆగిపోతుంది, ఆ పైన రోజులు గడిచే కొద్దీ నీరసించిపోతుంది. చాలామంది ఎండ దెబ్బ అంటే పగటి ఎండ గురించే చూస్తారు గానీ ఐవీని నిజంగా కుంగదీసేది మన వేడి రాత్రులు. మొక్క పగలంతా ఆకులో తయారు చేసుకున్న చక్కెరని రాత్రి శ్వాసకి ఖర్చు పెట్టుకుంటుంది, రాత్రి ఎంత వేడిగా ఉంటే ఖర్చు అంత ఎక్కువ, రోహిణి కార్తెలో అర్ధరాత్రి కూడా 30 దగ్గరే ఉంటే పొద్దున్నకి మిగిలేది ఏం ఉండదు. పైగా వేరిగేటెడ్ ఆకులో తెల్ల భాగానికి ఆహారం తయారు చేసే పచ్చ పదార్థం, క్లోరోఫిల్, ఉండదు, అంటే ఇంట్లో వండే మనిషి ఒకరు, తినేవాళ్ళు నలుగురు ఉన్నట్టు. అందుకే మామూలు పచ్చ ఐవీ తట్టుకున్నంత కూడా ఇది తట్టుకోదు. ఎంత తెలుపు ఎక్కువుంటే అంత సున్నితం అని గుర్తుపెట్టుకోండి, రకం ఎంచుకునేటప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

ఇంకో సంగతి. బయటి దేశాల వీడియోల్లో "వేరిగేటెడ్ ఐవీకి బాగా ఎండ ఉండాలి, లేకపోతే రంగు పోతుంది" అని చెప్తారు. అది తప్పు కాదు, అక్కడి ఎండకి అది నిజమే. ఆ మాట విని మన డాబా మీద ఎండలో పెడితే ఒక్క మధ్యాహ్నానికే తెల్ల అంచులు కాలి గోధుమ రంగుకి తిరుగుతాయి. మనం దాన్ని "వెలుతురు బాగా, నేరుగా ఎండ మాత్రం పొద్దున్నే కాసేపు" అని చదువుకోవాలి.

పెరట్లో, నేలలో

నా మాట సూటిగా చెప్తాను, బెజవాడ గుంటూర్లలో ఐవీని నేలలో పెట్టొద్దు. అమెరికాలో ఉన్న పిల్లలు వాళ్ళింటి గోడ నిండా ఐవీ ఉన్న ఫోటోలు పంపితే మనకీ కాంపౌండ్ గోడకి అలా ఎక్కించాలని అనిపిస్తుంది, అక్కడ అది ఎంత జోరుగా పెరుగుతుందంటే ఒరెగాన్ లాంటి రాష్ట్రంలో దాని అమ్మకాన్నే నిషేధించారు, అడవుల్ని కమ్మేస్తోందని. ఇక్కడ ఆ భయం లేదు, ఎండే దాన్ని ఆపేస్తుంది. నేలలో పెట్టిన మొక్కతో అసలు ఇబ్బంది ఏంటంటే ఏప్రిల్ వచ్చాక దాన్ని తీసి లోపల పెట్టలేం. గుంటూరు వైపు నల్లరేగడి అయితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది, వానాకాలంలో నీళ్ళు దిగవు, వేసవిలో బీటలిస్తుంది, ఐవీ వేళ్ళు సన్నవి, రెండింటికీ తట్టుకోవు. జులై నుంచి సెప్టెంబర్ దాకా వేడిగా, తేమగా, ఆకు ఎప్పుడూ తడిగా ఉంటే బ్యాక్టీరియా మచ్చ వస్తుంది, నూనె పడ్డట్టు చిన్న చుక్కలు మొదలై చుట్టూ పసుపు వలయంతో నల్లబడతాయి.

కాబట్టి పెరట్లో పెట్టాలనుంటే కుండీలోనే పెట్టి, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం బయట ఉంచండి, మామిడి చెట్టు కిందో సపోటా కిందో, లేదా ఇంటికీ కాంపౌండ్ గోడకీ మధ్య ఉండే సందులో. ఆ నాలుగు నెలల్లో అది చిగురు మీద చిగురు వేస్తుంది, నిజంగా చూడాలి ఆ రంగు. శివరాత్రి దాటాక లోపలికి తెచ్చేయండి. "శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుంది" అంటారు కదా, ఐవీకి అదే గుర్తు.

పెరట్లో ఏడాదంతా ఉండే రంగు తీగే కావాలంటే గోల్డెన్ మనీ ప్లాంట్‌ని చెట్టు మొదట్లో పెట్టి పైకి పాకించండి. కొబ్బరి చెట్టుకైనా వేప చెట్టుకైనా ఎక్కుతుంది, ఎక్కే కొద్దీ ఆకు పెద్దదై, పసుపు చారలతో, పైన చీలికలు కూడా పడతాయి, వేసవిలో పొద్దున సాయంత్రం మొదలు దగ్గర నీళ్ళు పోస్తే చాలు. ఐవీ నాజూకుతనం దాన్లో లేదు, ఒప్పుకుంటాను. కానీ జూన్‌లో కూడా బతికి ఉంటుంది.

గోడకి అతుక్కుని పాకేది కావాలంటే క్రీపింగ్ ఫిగ్ అని చిన్నాకు తీగ ఉంది, మర్రి, రావి కుటుంబానిదే. పచ్చ రకం మన ఎండకి నిలబడుతుంది, గోడ మొత్తం పరుచుకుంటుంది, కానీ పెయింట్ వేసిన గోడ అయితే తీసినప్పుడు మరకలు ఉండిపోతాయి, కొన్ని నెలలకోసారి కత్తిరించకపోతే కొమ్మలు లావై గోడ నుంచి బయటికి వస్తాయి. దాన్లోనే తెల్లంచు రకం ఉంది, చిన్న ఆకు కాబట్టి ఐవీకి అందంలో బాగా దగ్గర, నీడ పట్టున కుండీలో బాగుంటుంది గానీ ఒక్కసారి మట్టి పూర్తిగా ఎండిపోయిందా, ఆకులన్నీ అప్పడాల్లా పెళుసై మళ్ళీ కోలుకోవు. రోజూ నీళ్ళు పోసే మనిషి ఇంట్లో లేకపోతే దాని జోలికి పోవద్దు.

ఇంట్లో ఏ కిటికీ, ఏ బాల్కనీ

ఇక్కడే అసలు ఎంపిక అంతా ఉంది, కాస్త ఎక్కువ చెప్తాను.

అందరూ "ఉత్తరం బాల్కనీ చల్లగా ఉంటుంది, అక్కడ పెట్టేయ్" అంటారు. మన ఊళ్ళు దాదాపు పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి, అంటే మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరం వైపుంటాడు. పొద్దున సాయంత్రం అయితే ఇంకా బాగా ఉత్తరానికి జరిగి ఉంటాడు. చలికాలమంతా ఎండ ముఖం చూడని ఉత్తరం బాల్కనీలోకి సరిగ్గా ఎండలు మండే నెలలో ఎండ వచ్చి పడుతుంది. దక్షిణం బాల్కనీ దీనికి తలకిందులు, పైన శ్లాబు ఉంటే మేలో మధ్యాహ్నం లోపలికి ఎండే రాదు, డిసెంబర్‌లో ఏటవాలుగా మెత్తటి ఎండ లోపలిదాకా వస్తుంది, వేరిగేషన్ నిలబడటానికి ఆ చలికాలపు ఎండే కావాలి. అందుకని శ్లాబు ఉన్న దక్షిణం బాల్కనీ, ఉత్తరం బాల్కనీ రెండూ ఉంటే నేను దక్షిణానికే ఓటేస్తాను. వాస్తు సంగతి వేరు, ఇది మొక్క సంగతి.

తూర్పు కిటికీ అన్నిటికన్నా మంచిది, కానీ ఏప్రిల్ నుంచి ఎనిమిదింటి ఎండే చురుక్కుమంటుంది కాబట్టి కిటికీకి పల్చటి తెర వేయండి, లేదా కుండీని రెండు మూడు అడుగులు లోపలికి జరపండి. పడమర కిటికీ ఐవీకి మార్చి నుంచి జూన్ దాకా పనికిరాదు, గోడ తాగిన వేడి రాత్రి పదింటి దాకా వదలదు. పడమర బాల్కనీ ఒక్కటే ఉన్నవాళ్ళు ముందు కర్టెన్ క్రీపర్ పెట్టుకోండి, వెర్నోనియా అని కూడా అంటారు, పైనుంచి కిందకి పచ్చటి పరదాలా జారుతుంది, ఎండ దానికి ఇష్టం. అది దట్టంగా అల్లుకున్నాక దాని వెనక నీడలో చలికాలం ఐవీ కుండీ వేలాడదీసుకోవచ్చు.

ఇక ఏసీ గది. పగలు కూడా ఏసీ నడిచే చోటు, ఆఫీసు, క్లినిక్, షాపు, కిటికీ దగ్గర వెలుతురు ఉంటే ఐవీకి బెజవాడలో దాన్ని మించిన చోటు లేదు, 24, 25 డిగ్రీలు దానికి సొంతిల్లే. ఇళ్ళల్లో ఏమవుతుందంటే రాత్రి మాత్రం ఏసీ వేసి పగలు తలుపు మూసేస్తాం, గది మధ్యాహ్నానికి మళ్ళీ కాగిపోతుంది. అయినా నేను అది మేలే అంటాను, పైన చెప్పాను కదా వేడి రాత్రులే దాన్ని అరగదీస్తాయని, ఆ రాత్రి చల్లగా గడిస్తే మొక్క నిలదొక్కుకుంటుంది. ఏసీ గాలి నేరుగా ఆకు మీద కొట్టకూడదు, అది ఒక్కటి చూసుకోండి. పగలు హాల్లో వెలుతురులో, రాత్రి బెడ్‌రూమ్‌లో పెట్టే ఓపికుంటే ఇంకా మంచిది. కూలర్ ముందు మాత్రం వద్దు, తడి గాలి ఆకుల మీద కొట్టి మచ్చలొస్తాయి.

వెలుతురే లేని హాలు, మధ్యలో షోకేసు మీద అయితే ఐవీ వద్దు. అక్కడ ముందు తెలుపు పోతుంది, కొత్త ఆకులు పచ్చగా వస్తాయి, కణుపుకీ కణుపుకీ దూరం పెరిగి తీగ బోడిగా కనిపిస్తుంది.

గాలి శుభ్రం చేస్తుందని ఐవీ కొనేవాళ్ళు కూడా ఉన్నారు. నాసా 1989లో పరీక్షించిన మొక్కల్లో ఐవీ ఉన్న మాట నిజం, కాకపోతే అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసిన పరీక్ష. తర్వాత 2019లో ఇలాంటి పరీక్షలన్నీ కలిపి లెక్కగట్టిన వాళ్ళు, కిటికీ తెరిస్తే వచ్చే మార్పు మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేల్చారు. ఆకు నచ్చి కొనండి, గాలి కోసం కాదు.

ఏ ఐవీ

నర్సరీలో అన్నిటినీ ఐవీ అనే అమ్ముతారు, కానీ తేడా ఉంది. గ్లేసియర్ అంటే బూడిద పచ్చ మీద సన్న మీగడ అంచు, తెలుపు తక్కువ కాబట్టి చిన్నాకు రకాల్లో మన ఊరికి నేను మొదట చెప్పేది ఇదే. గోల్డ్‌చైల్డ్‌కి అంచు పసుపు, చాలా అందం, నెమ్మదిగా పెరుగుతుంది, ఏసీ చోటు ఉంటేనే తీసుకోండి. తెలుపే ఎక్కువుండే చిన్నాకు రకాలు అయితే ఒక చలికాలపు ముచ్చట అనుకుని కొనాలి. గోల్డ్‌హార్ట్ అని మధ్యలో పసుపు, చుట్టూ పచ్చ ఉండేది ఒకటుంది, దానికి కొమ్మలు నిటారుగా గోడలెక్కే స్వభావం, కుండీలో అంత గుబురుగా రాదు, మనకి అక్కర్లేదు.

వీటన్నిటికన్నా వేడిని తట్టుకునేది అల్జీరియన్ ఐవీ, దాంట్లో గ్లోరీ ద మరెంగో అనే వేరిగేటెడ్ రకం. ఆకు అరచేయంత ఉంటుంది, నున్నగా, కోణాలు పెద్దగా లేకుండా, మీగడ అంచుతో, కాడ ఎర్రగా ఉంటుంది, ఆ కాడే గుర్తు. మధ్యధరా పక్క ఆఫ్రికా మొక్క కాబట్టి ఇంగ్లిష్ ఐవీ కన్నా ఎండకి ఓర్పు ఎక్కువ. మన నర్సరీల్లో తరచుగా కనపడదు. కనపడితే మాత్రం గ్లేసియర్ పక్కన పెట్టి దాన్నే తీసుకోండి.

వాక్స్ ఐవీ అని ఇంకోటి వస్తుంది, అచ్చం ఐవీ ఆకే, కానీ మందంగా, ప్లాస్టిక్ పూత వేసినట్టు మెరుస్తుంది, కాండానికి చిన్న చిన్న వేళ్ళుండవు. అది ఐవీ కుటుంబం కాదు, దక్షిణాఫ్రికా వైపు మొక్క, ఆకులో నీరు దాచుకుంటుంది. నీళ్ళు మరిచిపోయేవాళ్ళకి, వారానికి నాలుగు రోజులు హైదరాబాద్ తిరిగే వాళ్ళకి ఐవీ కన్నా ఇదే సరైనది, పొడి వేడిని ఓర్చుకుంటుంది, వానాకాలంలో నీళ్ళు తగ్గిస్తే చాలు.

మామూలు ఇంటికి, ఏసీ లేకుండా, తూర్పు వెలుతురుతో, పెద్దగా చూసుకునే తీరిక లేకపోతే నా సలహా మార్బుల్ క్వీన్ మనీ ప్లాంట్, లేదా ఇంకా చిన్నాకు కావాలంటే ఎన్‌జాయ్ రకం. తెలుపు పచ్చ కలగలిసి, కడియం నుంచి లోడ్లొచ్చే ప్రతి నర్సరీలో దొరుకుతుంది, ధర కూడా తక్కువ, మొక్క మన వాతావరణంలోనే పుట్టి పెరిగి వస్తుంది. సింగోనియం కూడా అదే కోవ, తెలుపు, గులాబీ రంగుల్లో, తేమ ఉంటే చాలు. ఈ రెండిట్లో నాకు మార్బుల్ క్వీనే ఇష్టం, తీగ జారే తీరులో ఐవీ ఛాయ కొంత దొరుకుతుంది.

చిన్నపిల్లలు, పిల్లి, కుక్క ఉన్న ఇళ్ళలో దేన్నైనా పైనే వేలాడదీయండి. ఐవీ ఆకు కడుపులోకి వెళ్తే వాంతులు అవుతాయి, కోసినప్పుడు రసం తగిలితే కొందరికి చర్మం ఎర్రబడి దద్దురొస్తుంది, గ్లవుజులు వేసుకుని కత్తిరించాలి. మనీ ప్లాంట్, సింగోనియం కూడా నోట్లో మంట పుట్టిస్తాయి, ఈ విషయంలో ఏదీ మిన్న కాదు.

నల్లి, నీళ్ళు

మిర్చి వేసిన ఇళ్ళ వాళ్ళకి నల్లి అంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి, ఇది మంచాల్లో నల్లి కాదు, ఆకు కింద చేరి రసం పీల్చే, సాలీడు జాతి సన్నటి జీవి (స్పైడర్ మైట్). మన ఇళ్ళల్లో ఐవీని ఎండ కన్నా ఎక్కువగా చంపేది అదే. ఆకు మీద సూది గుచ్చినట్టు లేత చుక్కలు, రంగు వెలిసిపోవడం, కిందిపక్క సాలెగూడు లాంటి సన్న బూజు, ఇవి కనిపించాయంటే వచ్చేసినట్టే. ముప్పై డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి దానికి వారం చాలు, అందుకే నెలకోసారి చూస్తానంటే కుదరదు. ఫిబ్రవరి నుంచే వారానికోసారి కుండీని బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి ఆకుల కిందివైపు షవర్‌తో బాగా కడగండి, పొద్దున పూట చేస్తే సాయంత్రానికి ఆరిపోతుంది. స్ప్రే బాటిల్‌తో రోజూ నాలుగు చుక్కలు చల్లడం దీనికి సాటిరాదు. కడిగినా ఆగకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి. పొలానికి తెచ్చిన పురుగు మందు మిగిలిందని ఇంట్లో కొట్టకండి దయచేసి. అందరం పడుకునే గది అది, పైగా నల్లి పురుగు జాతి కాదు, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి దాన్ని చంపవు సరికదా కొన్నిసార్లు ఇంకా పెంచుతాయి. మార్బుల్ క్వీన్‌కి ఈ బాధ చాలా తక్కువ, నేను దాన్ని అంతగా సిఫార్సు చేయడానికి సగం కారణం ఇదే.

నీళ్ళ విషయంలో, వేలు ఒక అంగుళం లోపలికి పెట్టి పొడిగా ఉంటేనే పోయండి. మేలో ఆకు వాడినట్టుందని రోజుకి రెండుసార్లు పోస్తే వేడి మట్టిలో వేళ్ళు కుళ్ళుతాయి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే పేటల్లో ఆకు అంచులు కాలతాయి, అక్కడ కృష్ణ నీళ్ళు పట్టి పోయండి, ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా మంచివే. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్ళు మాత్రం వద్దు, ఉప్పంతా దాన్లోనే ఉంటుంది. మట్టి అంటే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) రెండు పాళ్ళు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, పెర్లైట్ లేదా ముతక ఇసుక ఒక పాలు. ఎరువు చలికాలంలోనే, 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరుకి ఒక గ్రాము, నెలకి రెండుసార్లు. మార్చి తర్వాత ఏమీ వేయకండి.

మొత్తం పచ్చగా వచ్చిన కొమ్మ కనిపిస్తే మొదలంటా కత్తిరించేయండి, అది బలంగా పెరిగి తెల్ల కొమ్మల్ని మింగేస్తుంది. మొత్తం తెల్లగా వచ్చిన కొమ్మ కూడా నిలవదు, దాన్నీ తీసేయొచ్చు.

కొనడానికి వేళ కార్తీక మాసం నుంచి సంక్రాంతి లోపు, మార్చిలో డిస్కౌంట్ ఇచ్చినా వద్దు, అలవాటు పడే టైమ్ ఉండదు. కుండీ చేతిలోకి తీసుకుని ముందు ఆకులు తిరగేసి చూడండి, తర్వాత కాండం మట్టిలోంచి వచ్చే చోట నొక్కి చూడండి, మెత్తగా ఉంటే పక్కన పెట్టేయండి. చల్లటి చోట, పాలీహౌస్‌లో పెరిగి వచ్చిన మొక్క కాబట్టి తెచ్చిన వెంటనే కుండీ మార్చకుండా రెండు వారాలు తూర్పు వెలుతురులో ఊరికే ఉంచండి, కాసిని ఆకులు రాలితే కంగారు పడొద్దు. కొత్త చిగురు కదిలాక మూడు నాలుగు కణుపులున్న ముక్కలు కోసి, కింది ఆకులు తీసి నీళ్ళలో పెట్టండి, చలికాలంలో వేళ్ళు తేలిగ్గా వస్తాయి. ఒక కుండీ ఇంట్లో, ఇంకోటి ఏసీ ఉన్న ఆఫీసులో పెట్టుకుంటే ఎండాకాలానికి ఒకటి పోయినా రకం మీ దగ్గరే ఉంటుంది.